చేనంతా ఒక్క వానకే ఒడ్డొద్దు

మెట్టుగూడలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోయే కంప్యూటరు ఉద్యోగుల్లో చాలామంది పెద్ద పనిని రెండేసి వారాల ముక్కలు చేసుకుంటారు. ప్రతి ముక్కకూ ముందు 'ఎక్కడ దెబ్బ తగలొచ్చు?' అని చూసుకుంటారు, అవసరమైతే దారి మార్చుకుంటారు. ఈ పద్ధతి పేరు 'ఎజైల్'. జొన్నలో కంది కలిపి వేసిన మెట్ట రైతుకు ఈ జాగ్రత్త కొత్తదా చెప్పండి!

మరి ఇప్పుడేం చేస్తున్నాం? తొలకరి చినుకు పడిందో లేదో, నాలుగెకరాలూ పత్తి గింజలు పెట్టేస్తున్నాం. వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తనం, మళ్లీ కూలి, మళ్లీ అప్పు. తేలిక నేలల్లో 50-60, నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్లు పడేదాకా ఆగండి. జులై 20 దాటిందా, పత్తి మాట మరిచి కందో ఆముదమో చూసుకోండి.

పత్తికి నత్రజని 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా వేయాలి. దఫా దఫాకూ చేను చూడండి. పదును లేకుంటే ఆగండి, ఆ డబ్బు చేతిలోనే ఉంటుంది.

చిక్కల్లా అప్పు దగ్గరే. ఉద్దెర దుకాణంలో విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకేసారి అంటగడతారు. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు కావలసినప్పుడు కావలసినంత తీసుకోవడానికే. మంజూరైన రోజే మొత్తం ఎత్తేశారా, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.