ముహూర్తానికి ఆరని గోడ

గోడ పెచ్చులూడితే ముందు రంగు కంపెనీని తిడతాం. రంగు మంచిదేనని తేలితే రంగులబ్బాయిని తిడతాం. అతనూ మంచివాడే అయితే ఇక మిగిలింది లాలాపేట నీళ్ళు! "ఇక్కడి నీళ్ళల్లో ఉప్పండీ" అని తేల్చేసి, మచ్చ మీద క్యాలెండరు తగిలిస్తాం. మా వీధిలో దేవుళ్ళ క్యాలెండర్లు ఏ ఎత్తున వేలాడుతున్నాయో చూస్తే, ఎవరింట చెమ్మ ఎంతవరకు ఎక్కిందో చెప్పేయొచ్చు.

నేను ఇంజనీర్ని కాను, ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. అయినా ఈ విషయం మీద నోరు విప్పే హక్కు నాకు వచ్చింది. కిందటేడు శ్రావణంలో మా హాలు కప్పు నుంచి చేటంత గిలాబు పెచ్చు ఊడి, మా అమ్మాయి రోజూ చదువుకునే కుర్చీలో పడింది. ఆ క్షణాన అది కాఫీ కలుపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది గనక సరిపోయింది. ఇల్లు కట్టించిన కాంట్రాక్టరు వచ్చి, "మేడమీద కోతులు ఎగిరి ఉంటాయమ్మా" అన్నాడు. పాపం కోతులు!

తర్వాత వచ్చిన ముసలి తాపీమేస్త్రీ ఊడిన చోట చెయ్యి పెట్టి చూపించాడు. స్లాబు అడుగు అద్దంలా నున్నగా ఉంది. "గాట్లు పెట్టలేదమ్మా. పట్టు లేనిదే గిలాబు ఎట్ల నిలుస్తది?" సెంట్రింగు పలకలకు కాంక్రీటు అంటుకోకుండా నూనె రాస్తారు. ఆ జిడ్డు స్లాబుకీ అంటుతుంది. అది కడిగి, ఉలితో గాట్లు కొట్టి, తడిపి, అప్పుడు గిలాబు చెయ్యాలి. గాట్లు కొట్టే మనిషి కూలి మిగుల్చుకున్నారు, అంతే.

కాంట్రాక్టరు మీద విరుచుకుపడబోయి ఆగాను. ముహూర్తం పెట్టించింది ఎవరు? గోడలు గిలాబు చేసిన నాలుగోనాడే రంగు పడాలని మేస్త్రీల నెత్తినెక్కి కూర్చున్నది ఎవరు? మా వారూ, నేనూ!

సిమెంటు ఎండి గట్టిపడదు, తడితో గట్టిపడుతుంది. అందుకే వారం రోజులు తడపమంటారు. గిలాబు ఎలా చెయ్యాలో చెప్పడానికే ఐ.ఎస్. 1661 అని ఒక జాతీయ ప్రమాణం వచ్చింది. మన ఎండల్లో పొద్దున తడిపిన గోడ మధ్యాహ్నానికి పొడిబారుతుంది. అలా వదిలేస్తే బీటలు, వేలితో గీస్తే ఇసుక. తడపడం అయ్యాక నెల రోజులైనా ఆరనివ్వాలి. కొత్త సిమెంటులో క్షారముంటుంది. పచ్చి గోడకి ఆయిలు పెయింటు వేస్తే ఆ క్షారం రంగులోని నూనెని సబ్బుగా మార్చేస్తుంది. మనం గోడకి సబ్బు రాసుకున్నామన్నమాట! లోపలి తడి బయటికొస్తూ ఉప్పుని మోసుకొచ్చి తెల్లగా పూయిస్తుంది. మేడమీది పగులో, బాత్రూము పైపో, నీళ్ళు దిగే దారి మూయకుండా ఎన్ని కోట్లు లప్పం పెట్టించినా అది మేకప్పే.

టైల్సూ ఇంతే. విట్రిఫైడు పలక నీళ్ళు పీల్చదు, మామూలు సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టుకోవు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే వెనకంతా బోలు. నాణెంతో తట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. పళ్ళ తాపీతో పలక నిండా గమ్ము పరచాలి, పలకకీ పలకకీ మధ్య సందు వదలాలి. ఆ సందు అసహ్యంగా ఉంటుందని మూయించేది మళ్ళీ మనమే!

తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడిస్తే ఆర్ట్స్ కాలేజీ కనిపిస్తుంది. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. దాని బయటి రాతికి గిలాబూ లేదు, రంగూ లేదు. "నిజాం డబ్బండీ" అంటారు. నిజమే. నేనడిగేది గ్రానైటు రాయి కాదు, గాట్లూ నీళ్ళూ ఒక నెలా. అద్దె కడుతూ, బ్యాంకు వడ్డీ కడుతూ నెలంటే మాటలా అంటారు. కాదు. కానీ మళ్ళీ గిలాబు చేయించడానికి మాకైంది మూడు నెలల అద్దె.

నిన్న పక్కవీధి వదినగారు గృహప్రవేశానికి పిలవడానికొచ్చి, ఇల్లు చూపించారు. గోడకి అరచెయ్యి ఆనించాను. మంచుముద్ద! రంగులబ్బాయి డబ్బా మూత తీస్తున్నాడు. "వదినగారూ, పాలు పొంగించుకోండి, వ్రతం చేసుకోండి. ప్రస్తుతానికి సున్నం వేయించండి, రంగు దీపావళికి" అన్నాను. ఆవిడ మొహం గంటు పెట్టుకున్నారు. నేను వీధి మలుపు తిరిగేసరికి, రంగులబ్బాయి డబ్బాలు సైకిలుకి కట్టుకుంటున్నాడు.