చక్రాల కుర్చీ నెట్టే మనిషి

వేసవిలో పిల్లలను చూడటానికి అమెరికా వచ్చే తెలుగు తల్లిదండ్రులలో చాలామంది, చక్కగా నడవగలిగినవారు సైతం, టికెట్టుతోపాటే చక్రాల కుర్చీ అడుగుతారు. మోకాళ్ల నొప్పులకన్నా, భాష తెలియని చోట దారి చూపే మనిషి దొరుకుతాడన్న ధైర్యమే అందుకు అసలు కారణం. ఇమిగ్రేషన్ వరుస దాటించి, బెల్టు మీది పెట్టెలు దింపి, బయట ఎదురుచూస్తున్న కొడుకుకు వారిని అప్పజెప్పి ఆ మనిషి వెనుదిరుగుతాడు. గంటకు అతనికి ఎంత ముడుతుందన్న ప్రశ్న ఆ సంబరంలో ఎవరికీ తోచదు.

జోనథన్ రోజెన్‌బ్లమ్ రాసిన 'బియాండ్ ఫిఫ్టీన్' (2017) ఆ ప్రశ్న చుట్టూ తిరిగే పుస్తకం. సియాటిల్‌కు దక్షిణాన, విమానాశ్రయం పేరునే తన పేరుగా పెట్టుకున్న సీటాక్ అనే చిన్న పట్టణం కథ ఇది. 2013 నవంబరులో అక్కడి ఓటర్లు విమానాశ్రయ, హోటలు, పార్కింగ్ కార్మికులకు గంటకు 15 డాలర్ల కనీస వేతనాన్ని నేరుగా బ్యాలెట్ ద్వారానే శాసనం చేశారు. అప్పటికి వాషింగ్టన్ రాష్ట్రంలో కనీస వేతనం 9.19 డాలర్లు. పోలైన సుమారు ఆరు వేల ఓట్లను మళ్లీ లెక్కించాక తేలిన ఆధిక్యం 77.

రోజెన్‌బ్లమ్ ఆ ప్రచారానికి సారథి, నిష్పక్షపాతిగా నటించడు. అయితే పుస్తకానికి బలం గెలుపు ఘట్టం కాదు, దానికి ముందరి ఏళ్లు. 2005లో అలాస్కా ఎయిర్‌లైన్స్ సామాన్లు ఎక్కించి దించే దాదాపు 470 మందిని తొలగించి, ఆ పనిని కాంట్రాక్టుకు ఇచ్చింది. విమానాలు అవే, బరువులు అవే, జీతమే తగ్గింది. ఆ తరువాత విమానాశ్రయంలో పనికి కుదిరినవారిలో ఎందరో తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. 2011లో, నమాజు విరామానికి వెళుతూ గడియారం నొక్కలేదని ఒక అద్దెకార్ల సంస్థ 34 మంది సోమాలీ డ్రైవర్లను పనిలోంచి పక్కన పెట్టింది. వేతనం గురించి మాట్లాడాలంటే ముందు ప్రార్థన గురించి మాట్లాడక తప్పదని సంఘాలకు బోధపడింది అప్పుడే. ఇమాములు, పాస్టర్లు, సంఘం కార్యకర్తలు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం వెనుక ఎంత మొహమాటం, ఎంత అనుమానం ఉన్నాయో రచయిత దాచకుండా రాశాడు. సిద్ధాంతం బాగా చదువుకున్నవారికి ఈ పేజీలు కాస్త ఇబ్బంది కలిగిస్తాయి; కలిగించవలసిందే.

గెలిచాక మరో చిక్కు వచ్చిపడింది. విమానాశ్రయం పోర్టు అధీనంలోది గనుక ఊరి చట్టం అక్కడ చెల్లదని కింది కోర్టు తీర్పునిచ్చింది. 2015 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టివేసేదాకా, ఊరు ముఖ్యంగా ఎవరిని తలచుకొని ఓటేసిందో ఆ విమానాశ్రయ కార్మికులకే చట్టం అందకుండాపోయింది.

సీటాక్‌లో ముందు నిలిచినవి కార్మిక సంఘాలు. సోషలిస్టులమని బాహాటంగా చెప్పుకొని ఇదే కోర్కె ఎత్తుకున్నది పక్కనున్న సియాటిల్‌లో. పుణెలో పుట్టి, ముంబయిలో పెరిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి అర్థశాస్త్రం బోధించిన క్షమా సావంత్ అదే నవంబరులో సిటీ కౌన్సిల్‌కు ఎన్నికైంది. తెలుగువారిలో ఆమె పేరు ఎక్కువగా వినిపించింది 2023లో సియాటిల్ కులవివక్షను నిషేధించినప్పుడు. వేతనం సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. మేయరు వేసిన కమిటీ ఒకపక్క బేరాలాడుతుంటే, ఆమె సహచరులు మరోపక్క తమ సొంత ప్రతిపాదనను బ్యాలెట్‌కు ఎక్కించడానికి వీధుల్లో సంతకాలు సేకరించారు. ఆ సంతకాల కాగితాలే కౌన్సిల్‌ను తొందరపెట్టాయని నమ్మడానికి తగిన కారణాలున్నాయి. 2014 జూన్ 2న బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది. కాని అది ఆమె అడిగిన బిల్లు కాదు. చిన్న యజమానులకు 2021 దాకా గడువు, కొన్నాళ్లపాటు టిప్పులనూ వైద్య బీమానూ జీతంలో కలుపుకొనే వెసులుబాటు అందులో చేరాయి. వాటికి ఆమె తెచ్చిన సవరణలు వీగిపోయాయి, అయినా చివరికి అనుకూలంగానే ఓటేసింది. దీన్ని లొంగుబాటు అన్నవారు, అద్దె బకాయి ఉన్న మనిషితో ఒకసారి మాట్లాడి ఉండవలసింది.

ఫలితాల మీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తక్కువ జీతాలవారికి పనిగంటలు తగ్గాయన్నారు. అదే ఏడు బర్కిలీవారు భోజనశాలల్లో జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు పోలేదన్నారు. మొదటి అధ్యయనం పలు శాఖలున్న కంపెనీలను వదిలేసింది, రెండవది భోజనశాలలు దాటి చూడలేదు. రోగులు వేరైతే ఫలితాలూ వేరవుతాయి. వాషింగ్టన్ బృందమే మరుసటి ఏడాది మరో మాట చెప్పింది: అప్పటికే పనిలో ఉన్నవారికి కొంత మేలు జరిగింది, కొత్తవారి రాక తగ్గింది. ఇది తేలికగా కొట్టివేయదగ్గ మాట కాదు. పనిలో చేరనే చేరని మనిషి ఏ ఊరేగింపులోనూ కనిపించడు. రోజెన్‌బ్లమ్ పుస్తకం ఈ లెక్కలకు కొంచెం ముందే వెలువడింది గనుక ఆ లోటు అతనిది కాదు, తరువాత రాసేవారిది.

2024 ఫిబ్రవరిలో, బోయింగ్ 737లు తయారయ్యే రెంటన్ పట్టణంలో డెమొక్రటిక్ సోషలిస్టులు ముందుండి నడిపిన ప్రతిపాదన కూడా నెగ్గింది. పెద్ద యజమానులకు ఆ జులై నుంచి 20.29 డాలర్లు. కౌన్సిల్ తనంత తానుగా ఆమోదించని దాన్ని ఓటర్లు ఆమోదించారు. దేశం మొత్తానికి వర్తించే ఫెడరల్ వేతనం మాత్రం 2009 నుంచి 7.25 దగ్గరే ఆగి ఉంది.

ఆ 7.25 కూడా చేతికి రానివారు తెలుగువారిలోనే ఉన్నారు. చదువుకోవడానికి వచ్చి, అప్పు వడ్డీ కోసం పెట్రోలు బంకుల్లో, భారతీయ భోజనశాలల్లో చీకటిపడ్డాక రొక్కానికి పనిచేసే విద్యార్థులు. వీసాకు విరుద్ధమైన పని గనుక ఫిర్యాదు చేయలేరు. యజమాని తరచు తెలుగువాడే, కొన్నిసార్లు సాహిత్య సభకు చందా ఇచ్చేవాడే. కనీస వేతన చట్టం వీసా చూడదు, చేసిన పనికి జీతం ఇవ్వవలసిందే. కాని ఆ హక్కును అడగడమంటే తనను తాను పట్టించుకోవడం. సీటాక్ సోమాలీలకు మసీదు ఉంది, సంఘం ఉంది, పౌరసత్వం వచ్చినవారికి ఓటు ఉంది. ఈ కుర్రాడు ఆదివారం గుడికి వెళితే, ప్రసాదం తీసుకొని వరుసలో ముందుకు కదులుతాడు. గంటకు ఎంతిస్తున్నారని అక్కడా ఎవరూ అడగరు.