వేమన కారం తియ్యకుర్రి

అన్నలూ, రాత్రి పొలం కాడినుంచి వచ్చేసరికి మా మనుమడు ఫోన్‌ల వేమన పద్యాల బొమ్మల వీడియో చూస్తున్నడు. పెద్ద కంపెనీ తీసింది కాదు. ఎవరో పిల్లలు ఇంట్ల కూసొని గీసినట్టుంది. నడక వంకర, నోరు ఒక తీరు, మాట ఒక తీరు. అయినా పోరడు రెండు పద్యాలు గడగడ చెప్పిండు. బడిల బట్టీ పట్టిస్తే రానిది బొమ్మలతోని వచ్చింది. గీసినోళ్లకు దండం.

ఒక్కటే బాధ. అండ్ల వేమన చెట్టుకింద కూసొని నవ్వే తెల్లగడ్డం తాత. అసలు వేమన బట్టలు ఇడిచిపెట్టి దేశం తిరిగిండని జనం చెప్పుకునే మనిషి. కులాల గొప్పలను, పిసినారులను, దొంగ సన్యాసులను, ఎవ్వరినీ ఇడువలే. అసొంటోన్ని నీతులు చెప్పే తాతను చేస్తే కారం లేని తొక్కు అయితది.

1829ల బ్రౌన్ దొర అచ్చేయించేదాక ఆ పద్యాలను బతికించింది తాటాకులు, జనం నాలుకలే. 1947ల నాగయ్య వేమనగా సినిమా వచ్చింది. ఇప్పుడు ఫోన్ల వంతు. మంచిదే.

మన రామారెడ్డి పిల్లలు కూడ గీయాలె. వేమనను మన పొలం గట్ల మీద నడిపియ్యాలె, మన ఊరి పిసినారిని, వడ్డీలోన్ని నిలదీపియ్యాలె. బొమ్మ వంకర ఉన్నా పర్వాలేదు, మాట సూటిగ ఉండాలె. మీరేమంటరు?