పాస్‌కీ పెట్టుకోండి.. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మాత్రం వద్దు

ఎస్‌ఎస్‌సీ నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు.. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. ఫారం నింపేది సెంటర్ అన్న, పాస్‌వర్డ్ పెట్టేదీ చాలాసార్లు ఆయనే. మన పేరు, పక్కన 123. దాన్ని నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుంటాం. హాల్‌టికెట్ వచ్చే రోజుకి ఆ నోట్‌బుక్ కనపడదు. అంతకన్నా ప్రమాదం, అదే పాస్‌వర్డ్‌ను జీమెయిల్‌కీ పెట్టేయడం.

గూగుల్ 2023 మేలో వ్యక్తిగత ఖాతాలకు పాస్‌కీ తెచ్చింది. లింక్డ్‌ఇన్, గిట్‌హబ్‌లలోనూ ఉంది. అడిగిన ప్రతిసారీ ‘తర్వాత చూద్దాం’ అని దాటేస్తున్నాం. ఇక దాటేయొద్దనే నా మాట.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు. ఫోన్ రెండు కీలు తయారు చేస్తుంది. ఒకటి వెబ్‌సైట్‌కి వెళ్తుంది, రహస్యమైనది మన దగ్గరే ఉంటుంది. లాగిన్ అయ్యేటప్పుడు వేలిముద్రో, పిన్నో ఇస్తే ఫోన్ ఆ కీతో సంతకం పెడుతుంది. వేలిముద్ర సైట్‌కి వెళ్లదు, ఫోన్ దాటదు. అసలు లాభం ఇంకోటుంది. బెంగళూరు కంపెనీ ఆఫర్ లెటర్ అంటూ వచ్చిన లింకు నొక్కితే, అచ్చం గూగుల్‌లా ఉండే నకిలీ పేజీ తెరుచుకోవచ్చు. కంగారులో మనం పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ కొట్టేస్తాం. పాస్‌కీ మాత్రం అసలు చిరునామాలో తప్ప పనిచేయదు. మనం మోసపోయినా అది మోసపోదు.

ఇబ్బందులు లేవని కాదు. ఇంట్లో తమ్ముడికీ, రూమ్‌మేట్‌కీ ఫోన్ పిన్ తెలిస్తే, పాస్‌కీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ముందు ఆ పిన్ మార్చండి. నెట్ సెంటర్‌లో, కాలేజీ ల్యాబ్‌లో పాస్‌కీ సృష్టించనే వద్దు. అక్కడ లాగిన్ కావాలంటే తెర మీది క్యూఆర్ కోడ్‌ను మన ఫోన్‌తో స్కాన్ చేయొచ్చు. కాకపోతే ఆ కంప్యూటర్‌కీ బ్లూటూత్ ఉండాలి. మన ఊళ్ల పాత డెస్క్‌టాప్‌లలో అది ఎన్నింటికి ఉందో మీరే చూడండి!

ఎస్‌ఎస్‌సీ, ఏపీపీఎస్సీ సైట్లలో ఇప్పటికీ పాస్‌వర్డే దిక్కు. లక్షల మంది ఫారాలు నింపే చోటే పాస్‌కీ లేకపోవడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది. అంతవరకూ వాటికి ఒక్కోదానికి ఒక్కో పొడవైన పాస్‌వర్డ్ పెట్టి, ఫోన్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచండి. పాస్‌కీ మొదట జీమెయిల్‌కే కావాలి. ఎందుకంటే మిగతా ఖాతాల రీసెట్ లింకులు వచ్చేది అక్కడికే. పాస్‌కీ పెట్టినా పాత పాస్‌వర్డ్ బతికే ఉంటుంది కాబట్టి, ఆ ‘పేరు 123’ని కూడా మార్చేయండి.

ఫోన్ పోతే? గూగుల్‌లో దాచిన పాస్‌కీలు కొత్త ఫోన్‌కి వస్తాయి, కానీ పాత ఫోన్ లాక్ పిన్ అడగొచ్చు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు కూడా ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింట్ తీసి, పదో తరగతి మార్కుల మెమో ఉన్న ఫైల్‌లోనే పెట్టండి.