ఆపే నిర్ణయం ప్రోగ్రాముకు వదలొద్దు

సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకున్న సైబరాబాద్‌లో ఇప్పుడు చిప్పుల పనీ పెరిగింది. మోటార్లను నడిపే మైక్రోకంట్రోలర్లు తయారుచేసే మైక్రోచిప్ సంస్థ 2023 జులైలో హైదరాబాద్‌లో 1,68,000 చదరపు అడుగుల కొత్త పరిశోధన కేంద్రం తెరిచింది. అదే ఏడాది మార్చిలో రాయదుర్గంలో హార్డ్‌వేర్ నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ మొదలైంది. ఏ లోపాన్నైనా తర్వాతి అప్‌డేట్‌లో దిద్దుకోవచ్చన్నది సాఫ్ట్‌వేర్ వాళ్ల అలవాటు. మోటారు కంట్రోలర్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. కరెంటు హద్దు దాటినప్పుడు దాన్ని ఆపే పని ప్రోగ్రాము చేతిలో ఉండకూడదు.

విద్యుత్ స్కూటర్‌లోనైనా, సోలార్ ఇన్వర్టర్‌లోనైనా మైక్రోకంట్రోలర్ పవర్ స్విచ్చులను సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఎంతసేపు ఆన్‌లో ఉంచాలో మారుస్తూ విద్యుత్తును అదుపు చేసే ఈ పద్ధతే పీడబ్ల్యూఎం. జంటగా ఉండే పై స్విచ్చు, కింది స్విచ్చు ఒకేసారి ఆన్ అయితే బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. ఐజీబీటీ రకం స్విచ్చులు దాన్ని ఓర్చుకునేది సాధారణంగా 10 మైక్రోసెకన్ల లోపే. సిలికాన్ కార్బైడ్ స్విచ్చులకు అంత గడువు కూడా ఉండదు. ప్రోగ్రాము కరెంటును కొలిచి, హద్దుతో పోల్చి, స్పందించేలోగా ఆ గడువు దాటిపోవచ్చు. ప్రాసెసర్ హ్యాంగ్ అయినా, డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగినా, తగిన ఏర్పాటు లేకపోతే అవుట్‌పుట్ ఉన్నచోటే ఉండిపోయి స్విచ్చు ఆన్‌లోనే మిగలొచ్చు. చిప్పుల్లో ఫాల్ట్ ఇన్‌పుట్ పెట్టింది ఇందుకే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దీన్ని ట్రిప్ జోన్ అంటుంది, ఎస్‌టీ సంస్థ బ్రేక్ అంటుంది. కరెంటును హద్దుతో పోల్చే కంపారేటర్ సర్క్యూట్ నుంచి సంకేతం రాగానే ఈ ఫాల్ట్ ఇన్‌పుట్ ప్రాసెసర్‌ను అడక్కుండా పీడబ్ల్యూఎం అవుట్‌పుట్లను ముందే నిర్ణయించిన స్థితికి తెస్తుంది.

నాయిస్‌కే ఫాల్ట్ పడితే బండి ఫ్లైఓవర్ మీద ఆగిపోదా అని ఇంజినీర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే చిన్న స్పైకులను వదిలేసే ఫిల్టర్లు చాలా చిప్పుల్లోనే ఉన్నాయి. మామూలు ఓవర్‌కరెంటుకు ఆ ఒక్క సైకిల్‌ను మాత్రమే కత్తిరించి, అసలైన షార్ట్‌కే పూర్తిగా లాక్ చేయవచ్చు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. వేగంగా తిరుగుతున్న పర్మనెంట్ మాగ్నెట్ మోటారులో స్విచ్చులన్నీ ఆఫ్ చేస్తే, మోటారు పుట్టించే వోల్టేజీ డయోడ్ల గుండా బ్యాటరీ వైపు తన్నవచ్చు. అక్కడ కింది స్విచ్చులన్నీ ఆన్ చేయడమే క్షేమం కావచ్చు. సురక్షిత స్థితి ఏదో డిజైన్ నాడే తేల్చుకోవాలనడానికి ఇదే కారణం, హార్డ్‌వేర్ రక్షణ వద్దనడానికి కాదు.

2022లో వరుసగా జరిగిన విద్యుత్ స్కూటర్ల అగ్నిప్రమాదాల తర్వాత కేంద్రం ఆ వాహనాల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినం చేసింది. ఆ సవరణల దృష్టి ప్రధానంగా బ్యాటరీపైనే. కంట్రోలర్‌ను కూడా అంతే నిక్కచ్చిగా చూడాలి. అవుట్‌పుట్‌ను షార్ట్ చేసి, ప్రాసెసర్‌ను కావాలనే ఆపేసి, స్విచ్చులు ఎన్ని మైక్రోసెకన్లలో సురక్షిత స్థితికి వచ్చాయో ఆసిలోస్కోప్‌లో నమోదు చేసిన నివేదిక ప్రతి కొత్త డిజైన్‌తోనూ జతపడాలి. ప్రభుత్వం విద్యుత్ బస్సులు కొనే టెండర్లలో ఈ షరతు పెట్టడంతో మొదలుపెట్టవచ్చు.