ట్యాబ్ ఇచ్చారు సరే.. అప్లికేషన్ నింపడం నేర్పించామా?

నర్సీపట్నం: టెన్త్ పరీక్షలు అయ్యాయంటే చాలు.. నెట్ సెంటర్ల దగ్గర పిల్లలు, తల్లిదండ్రులు కనిపిస్తారు. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ.. ఏదైనా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కానీ చాలాసార్లు ఫారం నింపేది సెంటర్ వాళ్లు. పాస్‌వర్డ్ పెట్టేదీ వాళ్లే. చేతికి ట్యాబ్ వచ్చిన తరానికి కూడా ఈ అవసరం ఎందుకొస్తోంది?

లెక్క ఇదీ..
2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకు, టీచర్లకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. సరిగ్గా ఏడాదికి రెండో విడత మొదలైంది మన పైనున్న చింతపల్లిలోనే. రెండు విడతల్లో 9,52,925 ట్యాబ్‌లు, రూ.1,305 కోట్లు అని అప్పటి ప్రభుత్వం చెప్పింది. నాడు-నేడు బడుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు కూడా పెట్టారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జులైలో బైజూస్ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

తేడా ఎక్కడ?
ముందే లోడ్ చేసిన పాఠాలు ఏజెన్సీ పిల్లలకు నిజంగా ఉపయోగమే. లంబసింగి ఘాట్ దాటాక సిగ్నల్ దొరకని ఊళ్లున్నాయి కదా! కానీ వీడియో చూడటం వేరు, పని చేసుకోవడం వేరు. అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడింది 57 శాతమైతే, సోషల్ మీడియా చూసింది 76 శాతం.

ఏం చేయొచ్చు?
కొత్తగా కోట్లు అక్కర్లేదు. ఉన్న ప్యానెల్ మీదే వారానికో పీరియడ్ చాలు. ఒకరు ముందుకొచ్చి నమూనా ఫారం నింపాలి, మిగతావాళ్లు తప్పులు పట్టాలి. తెలుగులో టైప్ చేయడం, ఫొటో సైజు తగ్గించడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, వాట్సాప్‌లో వచ్చింది నిజమో కాదో చూసుకోవడం.. ఇవే పాఠాలు. ముందు టీచర్లకు శిక్షణ, పాడైన పరికరాలకు రిపేరు ఉండాలి.

ఎప్‌సెట్ రాయాలన్నా కంప్యూటర్ ముందే కూర్చోవాలి. ఆ రోజు మౌస్ పట్టుకోవడం మొదటిసారి అయితే.. నష్టం ఎవరికి? కొండ దిగి చదువుకోడానికి వచ్చిన పిల్లలకే.