రేవు దాటిన రసాయనము

అపాయకరములగు రసాయనములను విదేశములనుండి దింపుకొను వర్తకులు పాటింపవలసిన విధులను కేంద్రప్రభుత్వమువారు 1989వ సంవత్సరమున నిర్ణయించిరి. భోపాలు ఘోరము జరిగిన అయిదేండ్లకు, 1986నాటి పర్యావరణ సంరక్షణ శాసనము ననుసరించి వెలువడిన ఆ నిబంధనలలో పదునెనిమిదవది దిగుమతిని గూర్చినది. దానిని చదివినవారు మిక్కిలి తక్కువ. చదివినవారిలో నధికులు వర్తకుల న్యాయవాదులును, రేవు గుమాస్తాలును అయియుందురు. ఐనను మన సముద్రతీరమున వసించు లక్షలాది జనుల క్షేమము ఆ యొక్క నిబంధనపై నాధారపడి యున్నది. కావున దానిని గూర్చి కొంత విపులముగా వ్రాయుట మా విధి యని తలంచుచున్నాము.

నిబంధన చెప్పున దేమి? అపాయకర రసాయనమును తెప్పించువాడు 30 దినములు ముందుగా, లేదా వీలైనంత త్వరలో, ఎట్లైనను దిగుమతి దినము దాటకుండ, సంబంధించిన అధికారులకు ఆ విషయమును తెలియజేయవలెను. సరకు నందుకొనువాని పేరు, చిరునామా, దిగు రేవు, రవాణా విధము, పరిమాణము, భద్రతకు సంబంధించిన సమస్త వివరములు అందు చూపవలెను. ఆ సరకు ప్రజల భద్రతకుగాని పర్యావరణమునకుగాని చేటు తెచ్చునని తోచినచో దిగుమతిని నిలుపు అధికారము వారికి కలదు. రేవు యాజమాన్యమునకు వారే వర్తమానము పంపవలెను. రేవునుండి గమ్యస్థానమునకు సరకు చేరువరకు మోటారు వాహనముల నిబంధనలు వర్తించును. వర్తకుడు లెక్కలు వ్రాసియుంచి, అడిగినప్పుడు చూపవలెను.

కాగితముపై చూచినచో ఇది లోపములేని నిబంధన యనిపించును. కాని ముందు 30 దినములని గంభీరముగా పలికి, వెంటనే దిగుమతి దినమువరకు గడువిచ్చుటలో మొదటిమాట రెండవమాటకు ఆహారమైపోయినది. ఓడ లంగరు దించిన దినమున సూచన యందినను అది చెల్లుబాటగును. వేలకొలది టన్నుల ద్రవమును గర్భమున మోయుచు వాకిట నిలిచియున్న ఓడను చూచి, కిరాయి దినదినము పెరుగుచుండగా, వెనుకకు మరలుమని చెప్పగల అధికారి యెవడు? నిలుపు అధికారము గ్రంథమున నుండియు చేతికి రాని అధికారమైనది.

అంతకంటె పెద్దలోపము వేరొకటి కలదు. అధికారికి తెలియవలెను, రేవునకు తెలియవలెను, బండి తోలువానికి తెలియవలెను. ఆ సరకు చేరి నిలువయుండు తొట్టి ప్రక్క ఇల్లు కట్టుకొని బిడ్డలను పెంచుకొనువానికి మాత్రము తెలియనక్కరలేదు! వర్తమానము రేవు దాటలేదు; రసాయనము దాటినది.

2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్టణమున వెంకటాపురము వద్ద జరిగినదానిని పాఠకులు మరచియుండరు. ఎల్జీ పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి నిద్రించుచున్న జనావాసముపై క్రమ్మెను. పండ్రెండుగురు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పారిపోవుచు త్రోవలోనే కుప్పకూలినవారు కొందరు; కట్టుగొయ్యలవద్దనే ప్రాణములు విడిచిన పశువు లెన్నియో. మరునాడే జాతీయ హరిత న్యాయస్థానము 50 కోట్ల రూపాయలను ముందుగా చెల్లింపుమని సంస్థను ఆదేశించినది.

ఈ స్టైరీన్ ప్లాస్టిక్ సామగ్రికి మూలద్రవ్యము. ఆనాటికి మనదేశమునకు కావలసిన స్టైరీన్ ఓడలలో వచ్చునదియే. దాని స్వభావము విచిత్రమైనది. ఊరక నిలువయుంచిన చాలును, తనలో తానే గట్టిపడ మొదలిడును. గట్టిపడుకొలది వేడి పుట్టును. వేడి హెచ్చుకొలది గట్టిపడుట వేగమగును. ఈ గొలుసును త్రెంచుటకై టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అను నిరోధకద్రవ్యమును కొలదిగా కలిపి, తొట్టిని ఎడతెగక చల్లగా నుంచవలెను. అంటువ్యాధి భయముచే దేశమంతయు తలుపులు మూసికొనియుండిన ఆ వారములలో కర్మాగారము నిలిచియుండెను గాని తొట్టి నిండియే యుండెను. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము జూలైలో సమర్పించిన నివేదికవలన పెక్కు సంగతులు బయల్పడినవి. నిరోధకద్రవ్యము చాలినంత లేదు. తొట్టి పైభాగమున వేడి యెంతయున్నదో తెలిసికొను సాధనము లేదు. శీతలీకరణము రేయింబవళ్లు నడువలేదు. ప్రమాదఘడియలో హెచ్చరిక సైరను మ్రోగలేదు.

ఇవి యన్నియు కర్మాగారమువారి దోషములు. వానిని న్యాయస్థానములు విచారించును. మాకు మిక్కిలి విచారణీయముగా తోచినది తరువాత జరిగిన సంగతి. కొలదిదినములలోనే రాష్ట్రప్రభుత్వము, కర్మాగారమునను రేవు ప్రక్కను మిగిలియుండిన సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడల కెక్కించి దక్షిణ కొరియాకు త్రిప్పి పంపుమని ఆజ్ఞాపించినది. అట్లే పంపబడినది. అంత ద్రవ్యము తమ పొరుగున నిలువయున్నదని విశాఖ పౌరులలో పెక్కుమందికి తెలిసినది అది వెడలిపోవునాడే! ప్రభుత్వము తలచుకొనినచో దినములలో సాగనంపదగిన సరకును గూర్చి, రాకకు ముందు నిబంధన యిచ్చిన 30 దినములలో ఎవరైన ఒక్క ప్రశ్న యడిగిరా? ఇంత సరకు ఎక్కడ నిలువచేయుదురు, ఎన్నిదినములు నిలువచేయుదురు, చుట్టును ఎందరు నివసింతురు అని యడుగుట యెవరి బాధ్యత?

విశాఖపట్టణమునకు ఇది మొదటి దెబ్బ కాదు. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారమున వంటగ్యాసు వెలువడి అంటుకొని, సుమారు అరువదిమందిని పొట్టనబెట్టుకొన్నది. ఇరువదిమూడు సంవత్సరముల తరువాత కూడ ఆ నగరపు జనులు చీకటిలో ఎటు పరుగిడవలెనో తెలియక పరుగిడిరి.

ప్రజలకు తెలియజేయుటకు వేరొక నిబంధన కలదని అధికారులు సమాధానము చెప్పగలరు. నిజమే. మహాప్రమాదము సంభవించినచో హాని పొందగల పరిసరవాసులకు అపాయము యొక్క స్వభావమును, అప్పుడు చేయదగినవానిని, చేయరానివానిని తెలుపవలెనని ఆ 1989 నిబంధనలలోనే పదునైదవది కర్మాగారాధిపతిని శాసించుచున్నది. 1996లో వెలువడిన రసాయన ప్రమాద నిబంధనలు కేంద్రమునుండి స్థానికమువరకు నాలుగంతస్తుల సంఘములను నిర్మించినవి. సంఘములకు కొదువ లేదు. కాని దిగుమతిని గూర్చిన విధికిని, పరిసరవాసులను గూర్చిన విధికిని నడుమ వంతెన లేదు. ఒకటి ఓడను చూచును, రెండవది తొట్టిని చూచును. మొన్న వచ్చిన ఓడ నేటి తొట్టిని ఎంత నింపినదో ఒకచోట చేర్చి చూచి, ఈ వారము ఈ పేటకు అపాయము పెరిగినదని చెప్పువాడు ఆ నిబంధనలలో మాకు కనుపింపలేదు.

చెన్నపట్టణపు ఉదంతము దీనికి మరొక తార్కాణము. 2015లో అచ్చటి సుంకపుశాఖవారు సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను పట్టుకొనిరి. పట్టుకొనుట మెచ్చదగినదే. కాని పట్టిన సరకు మణలి ప్రాంతపు గిడ్డంగి ఆవరణమున జనావాసములకు చేరువనే అయిదేండ్లు పడియుండెను. 2020 ఆగస్టు 4న బేరూతు రేవులో, 2013లో వచ్చిన ఓడనుండి దింపి మరచిన 2,750 టన్నుల అదే పదార్థము ప్రేలి రెండువందలకు పైబడిన జనులను బలిగొన్నది. అప్పుడు గాని చెన్నపట్టణమున కదలిక పుట్టలేదు. దినములు గడువకముందే ఆ సరకు వేలమునబడి, లారీల కెక్కి మన హైదరాబాదు పరిసరములకు తరలివచ్చినది! సుంకపుశాఖకు ఆ వస్తువు అయిదేండ్లు వ్యాజ్యపుసరకు; ప్రక్కవీథివారికి అది ప్రాణగండము. ఆ సంగతి వారికి చెప్పినది ప్రభుత్వము కాదు, బేరూతు పొగ.

పిమ్మట 2021లో అమ్మోనియం నైట్రేట్ నిబంధనలను సవరించిరి. సంచులలో తప్ప విడిగా దిగుమతి చేయరాదనియు, పట్టుబడిన సరకును త్వరితముగా వేలము వేయవలెననియు, రేవుకు 500 మీటర్ల అవతలి గిడ్డంగులకు చేర్చవలెననియు నిర్ణయించిరి. వీనిని మేము హృదయపూర్వకముగ స్వాగతించుచున్నాము. ఐనను ఒక్క సందేహము. రేవుకు 500 మీటర్ల అవతల నుండునది సముద్రము కాదు గదా, ఊరు. రేవును కాపాడుటకై దూరము జరిపిన సరకు ఎవరికి దగ్గరయగుచున్నదో కూడ కొలువవలదా?

తెలియకపోవుట వలన కలుగు నష్టమునకు 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవు మిక్కిలి దారుణమైన దృష్టాంతము. గ్రాండ్‌క్యాంప్ అను ఓడలో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉండగా నిప్పంటుకొని వింతరంగు పొగ లేచెను. ఊరివారు దానిని చూచుటకై రేవునకు చేరిరి. ఓడ ప్రేలెను; అగ్నిమాపకదళము దాదాపు నిశ్శేషమైనది; మృతులు అయిదువందలకు మించిరి. సరకు పేరును, దాని గుణమును ఆ ఊరి బడిపిల్లవాని కెవరైన చెప్పియుండినచో వాడు పొగను చూడబోవక పారిపోయెడివాడు. మనదేశమునకు దగ్గర సంగతి కావలెనన్నచో, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడుసామగ్రితోను ప్రత్తిబేళ్లతోను నిండిన ఓడ పగిలినప్పుడు, నాటి పరాయి ప్రభుత్వము పత్రికల నోళ్లు కట్టి నిజమును దాచజూచినది. యుద్ధకాలమను మిష వారికి కలదు. స్వరాజ్యమున ఆ మిష యేది? అమ్మోనియం నైట్రేట్‌ను నేటికిని శాసించునది 1884నాటి పేలుడు పదార్థముల చట్టము క్రింద 2012లో చేసిన నిబంధనలే. అనుమతిపత్రము నిచ్చువాడు, పుచ్చుకొనువాడు అను ఇరువురిని తప్ప మూడవవానిని ఎరుగని దృష్టి పాతశాసనముతోబాటు మనకు సంక్రమించినదని మా యభిప్రాయము.

ప్రభుత్వమునకు శక్తి చాలక యిట్లున్నదని యనజాలము. వర్తకలాభము ముందుకు వచ్చినప్పుడు దాని చేయి ఎంత చురుకుగా పనిచేయునో చూచితిమి. 2019 తరువాత కొన్ని యేండ్లలో రసాయనములపై నాణ్యతా నియంత్రణ ఉత్తరువులు వరుసగా వెలువడినవి. భారతీయ ప్రమాణముల సంస్థ ముద్రలేనిదే విదేశపు సరకు రేవు దిగరాదనిరి. స్వదేశోత్పత్తిదారులు సంతసించిరి, ఆ రసాయనములను ముడిసరకుగా కొను నేతపరిశ్రమవారును, చిన్న కర్మాగారములవారును వెల పెరిగినదని మొరపెట్టిరి. 2025 నవంబరులో టెరెఫ్తాలిక్ ఆమ్లము, ఎథిలీన్ గ్లైకాల్ మొదలగు 14 వస్తువులపై అట్టి ఉత్తరువులను ఉపసంహరించిరి. ఆ తీర్పులోని యుక్తాయుక్తములు వేరు విషయము. ఉత్పత్తిదారుని గోడు ఢిల్లీకి చేరినది, కొనుగోలుదారుని గోడు చేరినది. ఇరువురి పక్షమునను నిబంధనలు మారినవి. తొట్టి ప్రక్కవాని గోడు ఏ శాఖ గుమ్మము నెక్కవలెను?

మేము దిగుమతులకు విరోధులము కాము. హైదరాబాదు చుట్టునున్న ఔషధ కర్మాగారములు విదేశపు మూలద్రవ్యములు లేక యొక మాసము నడువవు. స్వదేశముననే వానిని తయారుచేసికొను దినము రావలెనని ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ బెంగాలు కెమికల్సును స్థాపించిననాటినుండి మనము కోరుచున్నాము. ఆ దినము వచ్చినను తొట్టి తొట్టియే. భోపాలులో మిథైల్ ఐసోసయనేట్‌ను మొదట అమెరికానుండి తెప్పించుకొనిరి, 1980లో అక్కడనే చేయ మొదలిడిరి, 1984లో ఊరు శ్మశానమైనది. స్వదేశీ విషము విదేశీ విషముకంటె మృదువుగా నుండదు.

వివరములను వెల్లడించినచో వర్తకరహస్యములు బయటపడుననియు, దుర్మార్గుల చేతికి సమాచారము చిక్కుననియు కొందరందురు. వెలను, కొనుగోలుదారుని, తయారీవిధానమును చెప్పుమని యెవరును కోరలేదు. పదార్థము పేరు, నిలువయుండు చోటు, గరిష్ఠ పరిమాణము, వాసన సోకినచో ఏమి చేయవలెను అను నాలుగు మాటలే మేము కోరునవి. దుర్మార్గుడు వానిని వేరువిధముల తెలిసికొనగలడు, ముసలితల్లి తెలిసికొనజాలదు.

1989, 1996 నిబంధనలకు మారుగా రసాయనముల నిర్వహణ, భద్రతలకై క్రొత్త నిబంధనల ముసాయిదా యొకటి 2020నాటికే సిద్ధమైనది. సంవత్సరమునకు ఒక టన్నుకు మించి తయారుచేయు లేక దిగుమతిచేయు పదార్థములను నమోదు చేయవలెనని అందు ప్రతిపాదించిరి. 2025 వచ్చినను అది శాసనరూపము దాల్చలేదు. దానికై వేచియుండ నక్కరలేదు. పదునెనిమిదవ నిబంధనలో 30 దినముల గడువును తప్పనిసరి చేసి, అధికారి కందిన సూచన ప్రతిని ఆ వారములోనే గమ్యస్థానపు పంచాయతీ కార్యాలయమునను నగరపు వార్డు కార్యాలయమునను తెలుగులో అంటింపవలెనని ఒక వాక్యము చేర్చుటకు కేంద్రప్రభుత్వమున కొక ప్రకటన చాలును. అంతవరకు విశాఖపట్టణ, కాకినాడ, నెల్లూరు జిల్లాల కలెక్టర్లు గత సంవత్సరమున తమ రేవులకు అట్టి సూచనలెన్ని వచ్చినవో, వానిలో 30 దినములు ముందుగా వచ్చినవెన్నియో, నిలుపబడినవి ఎన్నియో విచారించి పత్రికలకు ప్రకటింపవలెనని కోరుచున్నాము. ఆ యంకెలను ఏ రేవునుండి వచ్చినను మేము మా పత్రికలో ప్రచురింతుము.